ఆరా, ఐదా? 19.8 చదివేటప్పుడు ముందు కర్తని వెతకండి

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్పేస్తాను, లేకపోతే చదివే మిగతావాళ్లకి తలా తోకా తెలియదు. మీరు అంపైరింగ్ రాతపరీక్షకి చదువుతున్నారు. 2019 ప్రపంచకప్ ఫైనల్లో న్యూజిలాండ్ ఫీల్డర్ గప్టిల్ విసిరిన బంతి ఇంగ్లండ్ బ్యాటర్ బెన్ స్టోక్స్ బ్యాట్‌కి తగిలి బౌండరీకి పోతే అంపైర్లు ఆరు పరుగులు ఇచ్చారు. మీకు పాఠం చెప్పే సీనియర్ "అది ఐదే, అంపైర్లు తప్పు చేశారు" అన్నారు. మీరేమో క్రికెట్ రూల్‌బుక్‌లో ఇలాంటి బౌండరీల గురించి చెప్పే లా 19.8 చివర్లో ఉన్న "విసిరిన లేదా చర్య జరిగిన క్షణానికి" అన్న ముక్క పట్టుకున్నారు. బ్యాట్‌కి తగలడం కూడా ఒక చర్యే కదా, ఆ క్షణానికి బ్యాటర్లు ఒకరినొకరు దాటేశారు కదా, అలా చూస్తే ఆరు సరైనదే అవుతుందిగా అన్నారు. పరీక్షలో ఇది వస్తే ఏం రాయాలి, ఇలా రెండు రకాలుగా పలికే వాక్యాలని అసలు ఎలా చదవాలి, ఇదీ మీ ప్రశ్న.

ఐదు రాయండి. మీ సీనియర్ చెప్పింది కరెక్ట్. కానీ ఆయన చెప్పారని రాయకండి, ఎందుకు ఐదో తెలిసి రాయండి. ఎందుకంటే మీ అనుమానం తీసిపారేసేది కాదు. ఆ రోజుల్లో చాలామంది పెద్దవాళ్లే ఆ మాట మీద తడబడ్డారు. నేను ఇరవై రెండేళ్లుగా జిల్లా లీగ్ మ్యాచ్‌లకి నిలబడుతున్నాను, ఎక్కువగా మ్యాటింగ్ వికెట్ల మీద. ఆ వాక్యం మీద నేనూ ఒకసారి బోల్తా పడ్డాను. అది తర్వాత చెబుతాను.

ముందు ఆ బంతి సంగతి. 2019 జులై 14, లార్డ్స్. న్యూజిలాండ్ 241. ఇంగ్లండ్‌కి ఆఖరి ఓవర్లో 15 కావాలి, బౌలర్ బౌల్ట్. మొదటి రెండు బంతులకి పరుగు లేదు, మూడోది సిక్స్. ఇంకా మూడు బంతుల్లో 9. నాలుగో బంతిని స్టోక్స్ డీప్ మిడ్‌వికెట్ వైపు కొట్టి పరిగెత్తాడు, అవతల ఆదిల్ రషీద్. ఒక పరుగు పూర్తయింది, రెండోదానికి తిరిగారు. గప్టిల్ బంతి అందుకుని కీపర్ వైపు విసిరాడు. క్రీజు కోసం డైవ్ చేసిన స్టోక్స్ బ్యాట్‌కి తగిలి బంతి బౌండరీ దాటేసింది. స్టోక్స్ మోకాళ్ల మీదే ఉండి రెండు చేతులూ ఎత్తి క్షమించమన్నాడు. అంపైర్లు ధర్మసేన, ఎరాస్మస్. పరిగెత్తినవి 2, బౌండరీ 4, మొత్తం 6. స్టోక్స్ స్ట్రైక్‌లోనే ఉన్నాడు, రెండు బంతుల్లో 3 కావాల్సి వచ్చింది. స్కోర్లు సమమయ్యాయి, సూపర్ ఓవరూ సమమే, చివరికి ఎవరు ఎక్కువ బౌండరీలు కొట్టారన్న లెక్కలో 26-17తో ఇంగ్లండ్ గెలిచింది. ఆ బౌండరీల లెక్కని ఐసీసీ అదే ఏడాది అక్టోబర్లో తీసిపారేసింది. అది వేరే పురాణం.

వరసగా ఐదేళ్లు ఐసీసీ ఉత్తమ అంపైర్ అయిన సైమన్ టాఫెల్ మర్నాడే చెప్పాడు, ఐదు ఇవ్వాలి, తర్వాతి బంతి రషీద్ ఆడాలి అని. ఆయన అప్పట్లో ఎంసీసీ (క్రికెట్ రూల్స్ రాసే క్లబ్) లాస్ సబ్‌కమిటీ సభ్యుడు కూడా. అంటే వాక్యం రాసే గదిలో కూర్చునే మనిషి.

ఇప్పుడు వాక్యం. 2017 కోడ్‌లో 19.8ని నేను నా నోట్‌బుక్‌లో ఇలా రాసుకున్నాను: "ఓవర్‌త్రో వల్ల గానీ, ఫీల్డర్ కావాలని చేసిన పని వల్ల గానీ బౌండరీ వస్తే ఇవ్వాల్సినవి: పెనాల్టీ పరుగులు ఉంటే అవి, బౌండరీ పరుగులు, బ్యాటర్లు పూర్తి చేసిన పరుగులు, ఆ విసిరిన క్షణానికి లేదా ఆ పని చేసిన క్షణానికి బ్యాటర్లు ఒకరినొకరు దాటేసి ఉంటే, నడుస్తున్న పరుగు కూడా."

ఓవర్‌త్రో అంటే, మామూలు మాటల్లో, ఫీల్డర్ విసిరిన బంతి ఎవరూ ఆపక దాటిపోవడం. ఇలా తెలుగులో రాసుకోవడం నాకు మొదట్నుంచీ అలవాటు. మంచి తెలుగేమీ కాదు, స్కోరర్ టీ తాగుతూ విన్నా అర్థమయ్యే తెలుగు. దీనివల్ల ఒక లాభం ఉంది. ఇంగ్లిష్‌లో "యాక్ట్" అనే ఒక్క మాట కర్త లేకుండా దర్జాగా కూర్చుంటుంది. తెలుగులో "చర్య జరిగిన క్షణం" అని రాయబోతే పక్కవాడు వెంటనే "ఎవరి చర్య?" అంటాడు. మన భాషలోనూ కర్తని మింగేయొచ్చు, కాదనను. "పోయింది" అంటే ఏం పోయిందో మనమే ఊహించుకోవాలి. కానీ అనువాదం చేసేటప్పుడు మాత్రం తేల్చుకోక తప్పదు. తేల్చుకోవడానికి వెనక్కి చూస్తే అదే వాక్యం మొదట్లో ఉంది: ఫీల్డర్ కావాలని చేసిన పని. క్లాజు శీర్షికలో కూడా అదే ఉంది. చివర్లో వచ్చిన "చర్య" ఎక్కడినుంచో ఊడిపడ్డది కాదు, మొదట చెప్పినదాన్నే మళ్లీ ముట్టుకుంటోంది. విసిరిన క్షణం ఓవర్‌త్రోకి జోడీ. చర్య జరిగిన క్షణం ఫీల్డర్ కావాలని చేసిన పనికి జోడీ. ఇందులో బ్యాటర్‌కి చోటు లేదు. స్టోక్స్ ఫీల్డర్ కాదు, కావాలని చేయనూ లేదు. అంటే మీరు చెప్పే అర్థం రావాలంటే రెండు చోట్ల వాక్యాన్ని వంచాలి.

అసలు ఆ "కావాలని చేసిన పని" ఎందుకు పెట్టారో తెలిస్తే ఇంకా బాగా పడుతుంది. ఓవర్ ఆఖరి బంతి అనుకోండి. స్ట్రైక్‌లో మంచి బ్యాటర్, అవతల పదకొండో నంబర్. మంచి బ్యాటర్ దూరంగా కొట్టి ఒక్క పరుగు తీసి, తర్వాతి ఓవర్ కూడా తనే ఆడదామని పరిగెత్తాడు. బౌండరీ దగ్గర ఫీల్డర్ తెలివిగా, బంతిని పట్టుకోకుండా కాలితో తన్ని గీత దాటించాడు. మామూలు బౌండరీ లెక్క అయితే నాలుగు పరుగులు, బ్యాటర్లు వెనక్కి పోతారు, తర్వాతి ఓవర్లో పదకొండో నంబర్ బౌలర్ ముందుకు వస్తాడు. నాలుగు పరుగులిచ్చి వికెట్ కొనుక్కున్నట్టు. దానికి అడ్డుకట్టే ఈ క్లాజు. తన్నిన క్షణానికి బ్యాటర్లు దాటేసి ఉంటే నడుస్తున్న పరుగు ఒకటి, బౌండరీ నాలుగు, మొత్తం ఐదు. మంచి బ్యాటర్ అవతలి కొసలోనే ఉంటాడు, తర్వాతి ఓవర్ తనే ఆడతాడు. ఫీల్డర్ తెలివి బెడిసికొడుతుంది. మా జిల్లాలో ఇది ఒక్కసారే చూశాను, కుర్రాడు తన్నేసి అమాయకంగా మొహం పెట్టాడు గానీ వాళ్ల కెప్టెనే నవ్వు ఆపుకోలేకపోయాడు.

ఇంకో ఆధారం చెబుతాను, దీన్ని సాధారణంగా ఎవరూ ప్రస్తావించరు. కీపర్ వెనకాల నేలమీద పెట్టిన హెల్మెట్‌కి బంతి తగిలితే ఐదు పెనాల్టీ పరుగులు, లా 28.3. అక్కడ నడుస్తున్న పరుగు లెక్కపెట్టడానికి ఏ క్షణం చూడాలని రాశారు? బంతి హెల్మెట్‌కి తగిలిన క్షణం. అంత స్పష్టంగా రాశారు. అంటే బంతి దేనికో తగిలిన క్షణం కావాలనుకుంటే ఆ మాట రాయడం వాళ్లకి చేతనవును. 19.8లో రాయలేదంటే మర్చిపోయి కాదు. రూల్‌బుక్‌లో ఒక వాక్యం తేడాగా అనిపిస్తే అదే పుస్తకంలో దాని చుట్టాలని వెతకండి. సగం అనుమానాలు అక్కడే తీరతాయి.

ఇక లెక్క. గప్టిల్ విసిరే సమయానికి ఒక పరుగు పూర్తయింది. రెండోదానికి ఇద్దరూ బయల్దేరారు గానీ ఇంకా దాటలేదు. 1 + 4 = 5. బౌండరీ వచ్చినప్పుడు బ్యాటర్లు తాము వదిలిన కొసలకి వెనక్కి వెళ్లాలి, ఇక్కడ దాన్ని విసిరిన క్షణం నుంచి లెక్కపెట్టాలి. స్టోక్స్ ఆ క్షణానికి ఒక పరుగు పూర్తి చేసి నాన్‌స్ట్రైకర్ కొస వదిలాడు, అక్కడికే పోతాడు. రషీద్ స్ట్రైక్‌లోకి వస్తాడు. రెండు బంతుల్లో 4 కావాలి. అలా జరిగితే న్యూజిలాండ్ గెలిచేదా అంటే, అది చెప్పే జ్యోతిష్యం నా దగ్గర లేదు. రషీద్‌కి బౌల్ట్ వేసే బంతి వేరు, స్టోక్స్‌కి వేసే బంతి వేరు.

ఇంతవరకూ మీ సీనియర్ వైపు మాట్లాడాను. ఇప్పుడు ఆయన్ని కూడా కాస్త ఇబ్బంది పెడదాం. 19.8లో నిజంగా అస్పష్టమైనది "చర్య" కాదు, "ఓవర్‌త్రో". 2017 కోడ్‌లో ఆ మాటకి నిర్వచనం లేదు. వికెట్ ఎక్కడ పడిపోయినట్టు, బ్యాట్ అంటే ఏది, శరీరం అంటే ఏది, అన్నిటికీ నిర్వచనాలున్నాయి. ఓవర్‌త్రోకి లేదు, అందరికీ తెలుసు కదా అనుకుని వదిలేశారు. గప్టిల్ త్రో బాగానే వచ్చింది. దారిలో బ్యాట్ లేకపోతే కీపర్ దగ్గరికి చేరేదే. అలాంటి మంచి త్రో బ్యాట్‌కి తగిలి పక్కకి పోతే అది ఓవర్‌త్రోనా? కాదని ఎవరైనా మొండికేస్తే, 19.8 వర్తించదు. 19.7 ప్రకారం మామూలు బౌండరీ అవుతుంది, నాలుగే పరుగులు. బ్యాటర్లు పరిగెత్తినవి నాలుగు కన్నా ఎక్కువైతేనే అవి లెక్కలోకి వస్తాయి. ఇలా చదవాలని నేను అనడం లేదు. ఫీల్డర్ విసిరిన బంతి, ఆపేవాళ్లు లేక బౌండరీకి పోతే ఓవర్‌త్రో అనే మైదానంలో ఎప్పట్నుంచో నడుస్తోంది, అలాగే నడవాలి. కానీ అందరూ ఆరా ఐదా అని కొట్టుకుంటుంటే, అసలు తలుపు తెరిచి ఉన్నది నాలుగు వైపు అని నాకెప్పుడూ నవ్వొస్తుంది.

రెండోది, "విసిరిన క్షణం" అంటే ఏ క్షణం? చెయ్యి వెనక్కి వెళ్లడమా, బంతి వేళ్లు వదలడమా? నేను వేళ్లు వదలడమే తీసుకుంటాను, అప్పటిదాకా వాడు విసరకుండా ఆగిపోవచ్చు కాబట్టి. లార్డ్స్ బంతికి మాత్రం ఈ తేడా వల్ల ఏమీ మారదు, ఎలా చూసినా దాటలేదు. ఎంసీసీ క్రికెట్ కమిటీ 2019 ఆగస్టులో ఆ ఫైనల్ బంతి గురించి మాట్లాడుకుని, 19.8ని సబ్‌కమిటీ మళ్లీ చూస్తుందని ప్రకటించింది.

సరే, వాక్యం అంత తికమక కానప్పుడు అంత పెద్ద అంపైర్లు ఎందుకు ఆరు ఇచ్చారు? ఇక్కడ నా కథ చెప్పాలి.

పదిహేనేళ్ల కిందటి మాట. అప్పుడు ఇదే క్లాజు నంబరు 19.6, ఏప్రిల్‌లో పరీక్ష రాసి వచ్చాను, కంఠతా వచ్చు. మ్యాచ్ ఒక కాలేజీ గ్రౌండ్‌లో. సున్నం గీతే బౌండరీ. ఆఖరి నాలుగు బంతుల్లో 8 కావాలి. బ్యాటర్ మిడ్‌వికెట్ వైపు కొట్టాడు, ఇద్దరూ రెండోదానికి తిరిగారు. నేను బౌలర్ కొసలో పక్కకి జరిగి నిలబడ్డాను, కళ్లు బంతి మీదే. ఫీల్డర్ విసిరాడు. మ్యాట్ అంచున మేకు దగ్గర బంతి ఒక్కసారి ఎగిరి, పరిగెత్తుతున్న బ్యాటర్ మడమకి తగిలి, థర్డ్ మ్యాన్ వైపు ఎవరూ లేని చోటికి పోయింది. ఇద్దరూ క్రీజుల్లోకి చేరారు, నేను చూశాను. బంతి గీత దాటింది, అదీ చూశాను. రెండు, నాలుగు, ఆరు. సిగ్నల్ ఇచ్చేశాను. తర్వాతి బంతికే రెండు కొట్టి మ్యాచ్ ముగించారు.

స్కోరర్ రిటైరైన రెవెన్యూ ఉద్యోగి. ఆకుపచ్చ సిరాతో చుక్కలు పెట్టేవారు, ఒక్క కొట్టివేత ఉండేది కాదు. సంతకం కోసం పుస్తకం నా వైపు తిప్పి, గొంతు తగ్గించి, "సార్, వాడు విసిరేటప్పటికి వీళ్లు ఇంకా దాటలేదు. పక్కనుంచి నాకు బాగా కనపడింది. మీరు ఆరు చూపించారు, నేను ఆరు రాశాను" అన్నారు. అంపైర్ సిగ్నల్‌ని స్కోరర్ మార్చడానికి వీల్లేదు, ఆయన చేసింది సరైనదే. నేను వెంటనే మార్చుకోవచ్చు, నిర్ణయాన్ని తక్షణమే సవరించుకునే అవకాశం అంపైర్‌కి ఉంది. కానీ మ్యాచే అయిపోయింది. ఓడినవాళ్లు బ్యాగులు సర్దుకుని చెట్టుకింద బన్నులు తింటున్నారు, వాళ్లలో ఎవరికీ ఈ సంగతి తెలియదు. ఆ రాత్రి నేను రూల్‌బుక్ తీయలేదు. అందులో ఏముందో నాకు తెలుసు. నేను చూడాల్సిన చోట చూడలేదు, అంతే.

ధర్మసేన తర్వాత తమ దేశపు పత్రికతో మాట్లాడినప్పుడు ఇంచుమించు ఇదే బయటపడింది. టీవీలో మళ్లీ చూశాక పొరపాటు జరిగిందని తెలిసిందన్నాడు. మైదానంలో రీప్లే చూసే సౌకర్యం లేదన్నాడు. ఔట్ విషయం కాదు కాబట్టి థర్డ్ అంపైర్‌కి పంపే వీలు నిబంధనల్లో లేదన్నాడు. లెగ్ అంపైర్‌తో మాట్లాడితే, బ్యాటర్లు పరుగు పూర్తి చేశారని మిగతావాళ్లంతా ఒప్పుకున్నారని కూడా చెప్పాడు. ఆ ఆఖరి మాట దగ్గర ఆగండి. పరుగు పూర్తయిందా అన్నది అక్కడ అడగాల్సిన ప్రశ్నే కాదు. విసిరినప్పుడు దాటారా అన్నదే ప్రశ్న. ముందు అది చూసినవాళ్లు ఉండాలి, ఆ తర్వాతే అడగడం. అందుకే రూల్‌బుక్ వివాదం అని ఎవరైనా నా దగ్గరికి వస్తే మొదట అడిగేది: మీకు తెలియనిది మాటా, జరిగినదా? నూటికి తొంభై సార్లు జరిగినదే తెలియదు. మాట మీదకి నెట్టేస్తే పరువు దక్కుతుంది కదా.

మీరు మైదానంలో నిలబడినప్పుడు చేయాల్సింది చిన్నది. బంతి దూరంగా ఫీల్డర్ చేతిలో పడ్డాక దాన్ని చూస్తూ ఉండిపోకండి. వాడి చెయ్యి వెనక్కి వెళ్లేటప్పుడు ఒక్కసారి పిచ్ మధ్యకి చూడండి. దాటారా, లేదా. మనసులో "దాటారు" అనో "లేదు" అనో ఒక మాట అనుకుని మళ్లీ బంతి వైపు తిరగండి. మొదట్లో ఇది కష్టం, కళ్లు బంతి వెంటే పోతాయి. పది మ్యాచ్‌లకి అలవాటవుతుంది. రెండో అంపైర్‌తో టాస్‌కి ముందే మాట్లాడుకోండి, ఇద్దరిలో ఎవరికి కనపడినా రెండోవాళ్లకి చెప్పాలని. నేనిప్పుడు స్క్వేర్ లెగ్‌లో ఉంటే, దాటకపోతే అరచెయ్యి తొడమీద ఆనిస్తాను. మా ఇద్దరికే తెలిసే సైగ.

అన్నీ ఇలాగే ఉంటాయని కాదు. నిజంగా మాటే అస్పష్టంగా ఉన్న కేసు కూడా చూపిస్తాను, తేడా తెలుస్తుంది. నాన్‌స్ట్రైకర్ రనౌట్, అంటే బంతి వేయకముందే క్రీజు వదిలినవాడిని బౌలర్ ఔట్ చేయడం. 2000 కోడ్‌లో బౌలర్ డెలివరీ స్ట్రైడ్‌లోకి (బంతి వేసే ఆఖరి అంగలోకి) రాకముందే వికెట్లు పడగొట్టాలి. 2017లో దాన్ని మార్చి, "బౌలర్ మామూలుగా బంతి వదులుతాడని ఆశించే క్షణం" వరకూ నాన్‌స్ట్రైకర్ క్రీజులో ఉండాలన్నారు. దీన్ని తెలుగులో రాయడానికి కూర్చుంటే నా పెన్ను ఆగిపోయింది. ఆశించేది ఎవరు? అంపైరా? నాన్‌స్ట్రైకరా? టీవీ ముందు కూర్చున్నవాడా? వాక్యంలో కర్త లేడు. ముందుకి చూసినా వెనక్కి చూసినా దొరకడు. 2019లో జైపూర్‌లో అశ్విన్ ఆగి బట్లర్‌ని ఔట్ చేసినప్పుడు వారం రోజులు దేశమంతా కొట్టుకున్నది సగం ఈ క్షణం గురించే, మిగతా సగం మర్యాద గురించి.

తర్వాత 2023 జనవరి 3న మెల్‌బోర్న్ డెర్బీ, ఆస్ట్రేలియా బిగ్‌బాష్ లీగ్‌లో ఆ ఊరి రెండు జట్ల మ్యాచ్. ఆడమ్ జంపా బౌలింగ్ వేయబోతూ చెయ్యి తిప్పేసి, అప్పుడు వెనక్కి తిరిగి నాన్‌స్ట్రైకర్ వికెట్లు పడగొట్టాడు. బ్యాటర్ క్రీజు బయటే ఉన్నాడు. థర్డ్ అంపైర్ నాటౌట్ ఇచ్చాడు, జంపా చెయ్యి నిటారు స్థితి దాటిపోయిందని. నిర్ణయం సరైనదే. కానీ నిటారు అన్న మాట అప్పటికి లాలో ఎక్కడుంది? లేదు. అంపైర్లకి తెలుసు, ఆటగాళ్లకి తెలియదు. ఎంసీసీ అదే నెల 19న మాటలు సవరించింది. బౌలర్ మామూలు యాక్షన్లో చెయ్యి అత్యంత ఎత్తుకి చేరిన క్షణమే ఆ "ఆశించే క్షణం" అని నిర్వచనం పెట్టింది. చూశారా, ఆశించేవాడిని తీసేసి చెయ్యిని పెట్టారు. చెయ్యి కనపడుతుంది. ఆశ కనపడదు. 2022 అక్టోబర్లో ఈ క్లాజుని 41 నుంచి 38కి, అంటే అన్యాయమైన ఆట అనే అధ్యాయం నుంచి రనౌట్ అధ్యాయానికి మార్చారు, అది మంచి పని. కానీ నా లెక్కలో అసలు రిపేరు ఈ 2023దే.

బెయిర్‌స్టో స్టంపింగ్ గురించి కూడా మీరు చివర్లో ఒక లైన్ రాశారు, 2023 లార్డ్స్‌ది. బంతి వదిలేసి క్రీజు బయటికి నడిచిన ఇంగ్లండ్ బ్యాటర్ని ఆస్ట్రేలియా కీపర్ క్యారీ ఔట్ చేసిన సంగతి. బంతి డెడ్ అయిందా (ఆటలోంచి పోయిందా) లేదా అన్నది అస్పష్టం అన్నారు. కాదు. 20వ లాలో కర్తలు పేరుపేరునా ఉన్నారు: ఫీల్డింగ్ జట్టూ, ఇద్దరు బ్యాటర్లూ బంతి ఇంకా ఆటలో ఉందని అనుకోవడం మానేశారని బౌలర్ కొస అంపైర్‌కి స్పష్టంగా అనిపించాలి. ఒక్క బ్యాటర్ అనుకుంటే చాలదు. క్యారీ బంతి అందుకున్న వెంటనే విసిరాడు, అంటే ఫీల్డింగ్ జట్టు మానేయలేదు. ఔట్. మనసుకి నచ్చలేదంటే అది వేరే మాట, రూల్ మీద నెట్టకండి.

శ్రీలంక బ్యాటర్ మాథ్యూస్ టైమ్డ్ ఔట్ (2023 నవంబర్, ఢిల్లీ) మాత్రం మధ్యలో ఉంటుంది. ఆ ప్రపంచకప్‌లో వికెట్ పడ్డ రెండు నిమిషాల్లోపు తర్వాతి బంతికి "సిద్ధంగా" ఉండాలి. కర్త ఉన్నాడు, గడియారం ఉంది, "సిద్ధం" ఒక్కటే మిగిలింది. హెల్మెట్ పట్టీ తెగినవాడు సిద్ధమా? నా దృష్టిలో కాదు. పట్టీ లేకుండా ఆడలేనని తనే అన్నాడు కాబట్టి. కానీ దీని మీద ఎవరైనా నాతో గంటసేపు వాదిస్తే విసుక్కోను.

పరీక్ష సంగతికి వద్దాం. ఓవర్‌త్రో ప్రశ్న వస్తే కథలా రాయకండి, ఎవాల్యుయేటర్‌కి ఓపిక ఉండదు. విసిరిన క్షణానికి ఎన్ని పూర్తయ్యాయి, ఆ క్షణానికి దాటారా, బౌండరీ ఎంత, మొత్తం, తర్వాతి బంతి ఎవరు ఆడాలి. ఈ వరసలో రాయండి. తర్వాతి బంతి ఎవరిదో రాయడం చాలామంది మర్చిపోతారు, మార్కులు పోయేది అక్కడే. ఫీల్డర్ చేతిలోంచి జారి గీత దాటినదాన్ని ఓవర్‌త్రోగా లెక్కపెట్టి నాలుగుకి ఒకటి కలిపేసేవాళ్లనీ చూశాను. అది మామూలు బౌండరీ, కావాలని చేసిందీ కాదు, విసిరిందీ కాదు. లార్డ్స్ బంతినే అడిగితే ఐదు అని రాసి, "చర్య" అంటే ఫీల్డర్ కావాలని చేసిన పని మాత్రమే అని ఒక్క లైన్ కలపండి. మీరు లేవదీసిన వాదం గురించి అక్కడ రాయొద్దు.

దాన్ని వచ్చే ఆదివారం క్లాసులో మీ సీనియర్ ముందు పెట్టండి, నాలుగు పరుగుల సంగతితో పాటు. ఓవర్‌త్రో అంటే ఏమిటో ఒక్క వాక్యంలో చెప్పమనండి, ఏ త్రోకైనా సరిపోయేలా. ఆయన ఏం చెప్పారో నాకూ రాయండి. నా నోట్‌బుక్‌లో ఆ పేజీలో శీర్షిక కింద ఇంకా ఖాళీగానే ఉంది.